ల్యాప్‌టాప్‌కు నెట్ సరిగా అందకపోతే: బోదె నుంచి లాకు దాకా

గోదావరి డెల్టాలో శివారు పొలానికి నీరు అందనప్పుడు రైతు ముందుగా గట్టు వెంబడి నడుస్తాడు. తన మడి పక్క బోదెలో, అంటే పొలానికి నీరిచ్చే చిన్న కాలువలో, నీరుందా, బోదె మీది తూము తెరిచి ఉందా, పంట కాలువలో మట్టం ఎంత, లాకుల దగ్గర తలుపులెత్తే లస్కరు ఎంత వదిలాడు అని వరుసగా చూసుకుంటూ పైకి వెళ్తాడు. ఎక్కడిదాకా నీరు నిండుగా ఉందో, ఎక్కడి నుంచి సన్నబడిందో తెలిస్తే గండి ఆ రెండింటి మధ్యనే దొరుకుతుంది. ధవళేశ్వరం దగ్గర 1852లో ఆనకట్ట పూర్తయి కాలువలు పారినప్పటి నుంచి ఇక్కడి వాళ్లకు అలవడిన పద్ధతి ఇది. ల్యాప్‌టాప్‌లో నెట్ నెమ్మదించినప్పుడు మాత్రం మనం ఈ నడక మానేసి, నేరుగా ప్లాన్ పెంచడమో, రౌటర్ మార్చడమో చేస్తాం.

నేనూ అదే చేశాను. అమలాపురం దగ్గరి మా ఊళ్లో ఇంటి నుంచి ఉద్యోగం చేయడం మొదలుపెట్టిన కొత్తలో, మేడ మీది గదిలో వీడియో కాల్ మాటిమాటికీ ఆగిపోతుంటే రెండున్నర వేలు పెట్టి కొత్త రౌటర్ తెచ్చాను. ఏమీ మారలేదు. నెల తర్వాత అటక సర్దుతుంటే, కింది నుంచి పై గదికి వెళ్లే ల్యాన్ కేబుల్‌ను ఎలుక కొరికిన చోటు కనిపించింది. అందువల్ల ఈ మార్గదర్శిలో ముందు కొలవడం, తర్వాతే సరిచేయడం అన్న క్రమాన్ని ఎక్కడా తప్పలేదు. చదివేవారు కూడా కొలతల మెట్టును దాటవేయకుండా వెళ్తే మంచిది.

బయలుదేరే ముందు ఒక లెక్క

కంపెనీలు ప్లాన్ వేగాన్ని మెగాబిట్లలో చెబుతాయి, ఫైలు దిగేటప్పుడు బ్రౌజర్ మెగాబైట్లలో చూపిస్తుంది. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. కాబట్టి 40 ఎంబీపీఎస్ (సెకనుకు 40 మెగాబిట్లు) ప్లాన్‌లో ఫైలు సెకనుకు 5 మెగాబైట్ల చొప్పున దిగితే అది పూర్తి వేగమే. ఒక జీబీ ఫైలుకు మూడు నిమిషాల ఇరవై సెకన్లు పడుతుంది. "నలభై అన్నారు, ఐదే వస్తోంది" అని కేబుల్ కుర్రాడితో తగవు పడేవారిని నేను చూశాను. ఆ తగవులో గెలిచేది కుర్రాడే.

మొదటి మెట్టు: మూడు చోట్ల కొలవండి

ఒక కాగితం, కలం తీసుకోండి. ఇంట్లోని మిగతా ఫోన్లలో వైఫై ఆపండి. ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ ఒక్కటే ఉంచి మిగతావన్నీ మూసేయండి, ఆఫీసు వీపీఎన్ ఉంటే అదీ ఆపండి. స్పీడ్ టెస్ట్ సైటు ఏదైనా ఫరవాలేదు గాని, మొదటి నుంచి చివరి దాకా అదే సైటును, అవకాశముంటే అదే సర్వర్‌ను వాడండి.

మొదటి కొలత, ల్యాప్‌టాప్‌ను చిన్న ల్యాన్ కేబుల్‌తో నేరుగా రౌటర్‌కు తగిలించి, వైఫై ఆపి తీసుకోవాలి. రెండవది, కేబుల్ తీసేసి రౌటర్‌కు రెండు గజాల దూరంలో వైఫై మీద. మూడవది, మీరు రోజూ కూర్చునే చోట. ఒక్కో చోట మూడుసార్లు కొలిచి మధ్య అంకెను రాసుకోండి. ఇదంతా తెల్లవారుజామున ఒకసారి, రాత్రి తొమ్మిది గంటల ప్రాంతంలో మరొకసారి చేయండి. డౌన్‌లోడ్‌తో పాటు అప్‌లోడ్, పింగ్ (కబురు వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం) అంకెలు కూడా రాయాలి.

ఇప్పుడు కాగితమే గండి ఎక్కడుందో చెబుతుంది. మొదటి కొలతే తక్కువగా ఉంటే లోపం రౌటర్‌లోనో, బయటి లైన్‌లోనో ఉంది. ఆరవ మెట్టుకు వెళ్లండి. మొదటిది బాగుండి రెండవది పడిపోతే ల్యాప్‌టాప్ వైఫై కార్డునో, రౌటర్ అమరికనో అనుమానించాలి. మొదటి రెండూ బాగుండి మూడవది పడిపోతే దూరం, గోడలు కారణం. పొద్దున బాగుండి రాత్రి మాత్రమే పడిపోతే ఊరంతా ఒకేసారి వాడుతున్న రద్దీ కారణం. దానికి మీ ఇంట్లో చేయగలిగింది తక్కువ. అన్ని కొలతలూ బాగున్నా పేజీలు మాత్రం ఆలస్యంగా తెరుచుకుంటుంటే దోషం లైన్‌ది కాదు, ల్యాప్‌టాప్‌దో, సైటు పేరును వెతికే డీఎన్ఎస్‌దో (అది చివర్లో వస్తుంది).

రెండవ మెట్టు: ల్యాప్‌టాప్ లోపల

విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. మెమరీ, డిస్క్ నిలువు వరుసలను ముందు చూడండి. మెమరీ 90 శాతం దాటి ఉన్నా, డిస్క్ ఎప్పుడూ 100 శాతం చూపిస్తున్నా, ఆ యంత్రానికి ఎంత వేగం నెట్ తెచ్చినా లాభం లేదు. 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్ ఉన్న ల్యాప్‌టాప్‌లో ఇది మామూలే. అలాంటప్పుడు ప్లాన్ మీద పెట్టే డబ్బును ర్యామ్ మీద, ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే కొత్త రకం డిస్క్) మీద పెట్టడం మేలు.

తర్వాత నెట్‌వర్క్ వరుస మీద నొక్కితే ఎక్కువగా లాగుతున్న ప్రోగ్రాం పైకి వస్తుంది. విండోస్ అప్‌డేట్, వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్, ఆటల అప్‌డేట్లు అక్కడ తరచుగా దొరికే దొంగలు. విండోస్ అప్‌డేట్ సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ కింద డెలివరీ ఆప్టిమైజేషన్ అని ఉంటుంది. మీరు దించుకున్న అప్‌డేట్‌ను మీ ల్యాప్‌టాప్ నుంచి ఇతరులకు పంచే ఏర్పాటు అది; దాన్ని ఆపవచ్చు, లేదా వేగానికి హద్దు పెట్టవచ్చు. డ్రైవ్ ప్రోగ్రాముల్లో కూడా అప్‌లోడ్ వేగానికి హద్దు పెట్టే వీలుంది.

బ్యాటరీ మీద ఉన్నప్పుడే నెమ్మదించి, ఛార్జర్ పెడితే బాగుపడుతుంటే పవర్ సెట్టింగ్‌ను చూడాలి. కరెంటు ఆదా చేయడానికి విండోస్ వైఫై కార్డు శక్తిని తగ్గిస్తుంది. డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్ మీద కుడి మీట నొక్కి, ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ పలకకు వెళ్లి, కంప్యూటర్ ఈ పరికరాన్ని ఆపివేయవచ్చు అన్న గడిలోని టిక్కు తీసేయండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఆ పలక కనిపించదు. వైఫై కార్డును నడిపించే ప్రోగ్రాం అయిన డ్రైవర్‌ను ల్యాప్‌టాప్ తయారీదారు సొంత సైటు నుంచే తెచ్చుకోవాలి. విండోస్ అప్‌డేట్ అయిన మర్నాటి నుంచే నెట్ చెడితే కొత్త డ్రైవర్ కంటే పాతదే మందు. అదే ప్రాపర్టీస్‌లోని డ్రైవర్ పలకలో రోల్ బ్యాక్ మీట ఉంటుంది.

మూడవ మెట్టు: వైఫై

ఎక్కువ ఇళ్లలో గండి దొరికేది ఇక్కడే.

ముందుగా ల్యాప్‌టాప్‌కూ రౌటర్‌కూ మధ్య ఒప్పందం ఎంత వేగానికి కుదిరిందో చూడాలి. విండోస్‌లో వైఫై ప్రాపర్టీస్ పేజీ అడుగున లింక్ స్పీడ్ అని ఉంటుంది. ఆపిల్ ల్యాప్‌టాప్‌లో ఆప్షన్ మీట పట్టుకుని వైఫై గుర్తు మీద నొక్కితే ట్రాన్స్‌మిట్ రేటు, సిగ్నల్ బలం కనిపిస్తాయి. సిగ్నల్ (డీబీఎం అనే కొలతలో) మైనస్ 60 దగ్గర ఉంటే హాయి, మైనస్ 75 దాటితే కష్టం. లింక్ స్పీడ్‌లో సుమారు సగం మాత్రమే చేతికి వస్తుందని అనుకోవాలి. అక్కడ 72 అని ఉంటే, మీ ల్యాప్‌టాప్ 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ (వైఫై వాడే రేడియో పట్టీ) మీద ఒకే యాంటెన్నాతో నడుస్తోందన్నమాట. నూరు ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నా నలభై చుట్టూనే తిరుగుతుంది. అదే 5 గిగాహెర్ట్జ్ మీద రెండు యాంటెన్నాలున్న కార్డు అయితే 866 అని కనిపించవచ్చు. పాత ల్యాప్‌టాప్‌లో 5 గిగాహెర్ట్జ్ అసలు లేకపోతే, రెండు బ్యాండ్లూ పట్టే చిన్న యూఎస్‌బీ వైఫై అడాప్టర్‌తో పని జరిగిపోతుంది, ల్యాప్‌టాప్‌నే మార్చనక్కరలేదు.

రౌటర్‌లో రెండు పేర్లు కనిపిస్తే 5జీ అని తోక ఉన్నదానికి కలపండి. ఇది సెల్‌ఫోన్ 5జీ కాదు. 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కు పెట్టుకున్న పేరు మాత్రమే. ఈ బ్యాండ్ వేగం ఎక్కువ, గోడలు దాటే శక్తి తక్కువ. 2.4కు దూరం ఎక్కువ, రద్దీ కూడా ఎక్కువ. భీమవరం, తణుకు వంటి పట్టణాల అపార్ట్‌మెంట్లలో చుట్టూ ఇరవై రౌటర్లు ఒకే 2.4 మీద అరుస్తుంటాయి గనుక అక్కడ 5 గిగాహెర్ట్జ్ తప్పనిసరి. కొబ్బరితోటల మధ్య విడివిడిగా ఉండే కోనసీమ ఇళ్లలో ఆ రద్దీ ఉండదు; దూరం ఉన్న గదికి 2.4 బాగానే పనిచేస్తుంది. 2.4లో ఒకదాని మీద ఒకటి పడని ఛానళ్లు 1, 6, 11 మాత్రమే. రౌటర్ సెట్టింగ్స్ పేజీలో ఛానల్ దగ్గర ఆటో అని ఉన్నదాన్ని తీసి, మీ చుట్టూ ఎవరూ వాడని ఒకదాన్ని ఎంచుకోండి. ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చాలు.

ఇక రౌటర్ ఎక్కడుందో చూడండి. లైన్ వేయడానికి వచ్చినవాడు కేబుల్ తక్కువ పట్టే మూలన, తరచుగా టీవీ వెనకాల, బిగించి వెళ్తాడు. మన ఇళ్లలో వైఫైకి బద్ధ శత్రువులు కొన్ని ఉన్నాయి. పాత మండువా లోగిళ్ల గోడలు మూరెడు మందంతో సున్నం, ఇటుకలతో కట్టినవి. కొత్త మేడల శ్లాబుల్లో ఇనుప ఊచల వల ఉంటుంది. ఇనుప బీరువా రేడియో తరంగాలను తిప్పికొడుతుంది. దోమల కోసం కిటికీలకు బిగించే ఇనుప మెష్ అయితే వరండాలో కూర్చునేవారికి తెర కట్టినట్టే. నీళ్లు 2.4 తరంగాలను పీల్చుకుంటాయి గనుక చేపల తొట్టె పక్కన రౌటర్ పెట్టడం కూడా తప్పే. రౌటర్‌ను ఇంటి నడిమికి, తలెత్తు కంటే కాస్త పైకి, చుట్టూ ఖాళీ ఉండేట్టు మార్చండి. ఆ ఒక్క మార్పుతో మూడవ కొలత రెట్టింపు కావడం నేను ఒకటికి రెండు ఇళ్లలో చూశాను.

పెంకుటింటి నుంచి పెరట్లోని గదికి వైఫై తీసుకుంటున్నవారు వానాకాలం మరో విషయం గమనిస్తారు. ఎండలో బాగా వచ్చే సిగ్నల్ వాన వెలిశాక పడిపోతుంది, ఆకులు ఆరాక మళ్లీ వస్తుంది. మధ్యలోని అరటి, కొబ్బరి ఆకులు నీళ్లు నిలుపుకొని తరంగాలను తినేయడమే దీనికి కారణం. 5 గిగాహెర్ట్జ్ మీద ఈ దెబ్బ ఇంకా ఎక్కువ. పెరటి గదికి ల్యాన్ కేబుల్ లాగి అక్కడ రెండో రౌటర్ పెట్టుకోవడమే నికరమైన ఉపాయం. వైఫైనే పట్టుకుని వైఫైగా విసిరే చవక రిపీటర్లను నేను సిఫారసు చేయను. ఒకే రేడియోతో వినడం, చెప్పడం రెండూ చేస్తాయి కాబట్టి వాటి వేగం సగానికి పడిపోతుంది.

ఇంకొక్క చిన్న సంగతి. యూఎస్‌బీ 3.0 హార్డ్ డిస్కులు, పెన్ డ్రైవ్‌లు పనిచేస్తున్నప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల రేడియో రొద పుట్టిస్తాయి. వైఫై అడాప్టర్ వాటి పక్క సాకెట్‌లోనే ఉంటే దాన్ని చిన్న ఎక్స్‌టెన్షన్ తీగతో దూరంగా జరపండి.

నాలుగవ మెట్టు: ల్యాన్ కేబుల్

ల్యాన్ కేబుల్‌లో నాలుగు జతలుగా ఎనిమిది తీగలు ఉంటాయి. నూరు ఎంబీపీఎస్‌కు రెండు జతలు చాలు. గిగాబిట్‌కు, అంటే వేయి ఎంబీపీఎస్‌కు, నాలుగు జతలూ కావాలి. కాబట్టి ఆ రెండు కాక మిగతా జతల్లో ఒక్క తీగ తెగితే నెట్ పూర్తిగా పోదు, చడీచప్పుడు లేకుండా నూరుకు పడిపోతుంది. స్పీడ్ టెస్ట్ ఎప్పుడు చేసినా 94, 95 దగ్గరే ఆగిపోతుంటే కేబుల్‌నో, రౌటర్ పోర్టునో అనుమానించండి. పాత రౌటర్లలో పోర్టు హద్దే నూరు. లింక్ స్పీడ్ 10 అని చూపిస్తే మాత్రం కేబుల్ గాని, పోర్టు గాని దెబ్బతిన్నట్టే. ఉరుములు మెరుపులు వచ్చిన మర్నాడు ఇది ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే గాలివాన మొదలవగానే ఇంటి బయటి నుంచి వచ్చే రాగి తీగలను ఊడదీయడం మంచి అలవాటు.

అంతర్వేది, సఖినేటిపల్లి, ఓడలరేవు వైపు సముద్రపు గాలిలోని ఉప్పు లోహాన్ని త్వరగా తింటుంది. ప్లగ్గులోని రాగి ముక్కల మీద పచ్చటి చిలుము కనిపిస్తే కొత్త ప్లగ్గు వేయించడమే మార్గం. గీకి సరిపెట్టుకుంటే నెల తిరక్కుండా మళ్లీ అదే బాధ. కేబుల్ కొనేటప్పుడు క్యాట్ 5ఇ గాని, క్యాట్ 6 గాని అసలు రాగిది అడగండి. చవక కేబుళ్లలో రాగి పూత పూసిన అల్యూమినియం తీగ ఉంటుంది, దూరం పెరిగేకొద్దీ అది మొరాయిస్తుంది. తెగిన చోట తీగలు మెలిపెట్టి టేపు చుట్టడం కరెంటు తీగకు చెల్లుతుందేమో గాని, ల్యాన్ కేబుల్‌కు చెల్లదు.

ఐదవ మెట్టు: అప్‌లోడ్, పండగ రద్దీ

ప్లాన్ డౌన్‌లోడ్ వేగం బోలెడంత ఉన్నా పేజీ తెరుచుకోక కాల్ తెగిపోయే సందర్భం ఒకటుంది. దాని మూలం అప్‌లోడ్‌లో ఉంటుంది. మీకు ఏ ఫైలు దిగుతున్నా, ముక్క అందిందని మీ ల్యాప్‌టాప్ ఎప్పటికప్పుడు పైకి కబురు పంపుతూ ఉండాలి. ఆ కబురు వెళ్లే దారి నిండిపోతే రావలసిన ముక్కలు కూడా ఆగిపోతాయి. సంక్రాంతికి ఇంటికి వచ్చిన చుట్టాలందరూ కోడిపందేల వీడియోలు తీసి, రాత్రి ఫోన్లు ఛార్జింగ్‌కు పెడతారు. ఫోన్లు వైఫై చూసుకుని ఆ వీడియోలన్నింటినీ క్లౌడ్‌కు ఎక్కించడం మొదలుపెడతాయి. రౌటర్ పంపలేని సరుకును వదిలేయకుండా వరుసలో పేరుస్తుంది, ఆ వరుస వెనకాల మీ వీడియో కాల్ నిలబడుతుంది.

దీన్ని పట్టుకోవడం తేలిక. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పింగ్ అని ఇంగ్లీషులో కొట్టి, పక్కన 8.8.8.8 వేసి, చివర అడ్డగీత, టి అక్షరం చేర్చండి. మామూలుగా కొన్ని పదుల మిల్లీసెకన్లు ఉండే అంకె, పెద్ద ఫైలు ఒకటి ఎక్కిస్తుండగా వందల్లోకి, వేలల్లోకి పోతే ఇదే రోగం. పనివేళల్లో ఫోన్ల ఫొటో బ్యాకప్ ఆపించండి. రౌటర్‌లో క్యూఓఎస్ (ఏ పనికి ఎంత వేగమో నియంత్రించే ఏర్పాటు) ఉంటే అప్‌లోడ్‌కు మీ అసలు వేగంలో 85 నుంచి 90 శాతం దగ్గర హద్దు పెట్టండి. కొంచెం వేగం పోతుంది గాని వరుస పేరుకోదు.

వైఫై గాలిలో ఒకసారికి ఒక్కరే మాట్లాడగలరు. దాళ్వా అనే రెండో పంటలో వంతులవారీగా నీళ్లు వదిలినట్టే ఇక్కడా వంతులే. వీధి అరుగు మీద కూర్చున్న మామయ్యగారి ఫోన్‌కు సిగ్నల్ అందీ అందనట్టుంటే, అది నత్తనడకన మాట్లాడుతూ అందరి వంతు సమయాన్నీ తినేస్తుంది. ఆయన్ను లోపలికి పిలిచి కూర్చోబెట్టడం మర్యాదకు మర్యాద, వైద్యానికి వైద్యం.

ఆరవ మెట్టు: రౌటర్ అవతల

కేబుల్‌తో నేరుగా కొలిచినా వేగం రానప్పుడు ముందు రౌటర్‌నూ, ఫైబర్ డబ్బానూ ఆపి, రెండు నిమిషాలాగి పెట్టండి. ఇన్వర్టర్ మారినప్పుడల్లా రౌటర్ ఆరి వెలుగుతుంటే చిన్న 12 వోల్టుల డీసీ యూపీఎస్ ఒకటి పెట్టుకోవడం ఉత్తమం. చేపల, రొయ్యల చెరువుల్లో నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు ఎక్కువగా తిరిగే పల్లెల్లో ఓల్టేజీ ఎగుడుదిగుళ్లకు రౌటర్ అడాప్టర్లు నీరసిస్తాయి. డబ్బా తరచు దానంతటదే రీస్టార్ట్ అవుతుంటే, ఆ అడాప్టర్ మీద రాసి ఉన్న ఓల్టు, ఆంపియర్ల అంకెలే ఉన్న మరో అడాప్టర్‌తో పరీక్షించండి.

ఫైబర్ డబ్బా మీద ఎల్ఓఎస్ దీపం ఎర్రగా వెలిగితే వెలుతురు అసలు రావడం లేదు. అది వెలగకపోయినా వెలుతురు బలహీనంగా ఉండవచ్చు. డబ్బా సెట్టింగ్స్ పేజీలో ఆర్‌ఎక్స్ పవర్ అని, అందుతున్న వెలుతురు బలాన్ని డీబీఎంలో చెప్పే మైనస్ అంకె ఉంటుంది. ఇళ్లకు వచ్చే జీపాన్ అనే రకం ఫైబర్ లైన్‌లో అది మైనస్ 27 కంటే కిందికి దిగితే తెగుతూ వస్తుంది. ప్రతి మూడు డీబీఎం తగ్గుదలకూ వెలుతురు సగమవుతుంది గనుక మైనస్ 20, మైనస్ 26ల మధ్య తేడా చిన్నది కాదు, నాలుగో వంతుకు పడిపోయినట్టు. మన దగ్గర ఫైబర్ చాలావరకు స్తంభాల మీదుగా, చెట్ల మధ్యగా వస్తుంది. కొబ్బరి మట్ట పడి లాగినా, ఉడత కొరికినా, జాయింట్ డబ్బాలో వాననీరు చేరినా వెలుతురు తగ్గుతుంది. ఇంట్లో మీరు చేయగలిగింది ఒక్కటే: పసుపు రంగు ప్యాచ్ కార్డ్ (డబ్బాకు తగిలించే సన్నని ఫైబర్ తీగ) తలుపు సందులోనో, మేకు చుట్టూనో ఇరుకుగా మడతపడి ఉంటే విప్పి, పెద్ద చుట్టగా వదులు చేయండి. కొసను ఊడదీసి కంటితో చూడకండి. అందులో వచ్చే లేజర్ కంటికి కనిపించదు.

డీఎన్ఎస్, ఇతర చిట్కాలు

స్పీడ్ టెస్ట్ బాగుండి, ప్రతి కొత్త సైటూ మొదట రెండు మూడు సెకన్లు తటపటాయించి తర్వాత గబగబా తెరుచుకుంటుంటే, సైటు పేరును చూసి దాని అంకెల చిరునామా వెతికిచ్చే డీఎన్ఎస్‌ను 1.1.1.1కు గాని 8.8.8.8కు గాని మార్చి చూడండి. పేరు వెతికే ఆలస్యం మాత్రమే దీనితో తగ్గుతుంది, ఫైలు దిగే వేగం పెరగదు. విండోస్ మీ నెట్‌లో 20 శాతం దాచుకుంటుందని, ఒక సెట్టింగ్ మారిస్తే అది తిరిగి వస్తుందని చెప్పే వీడియోలు ఏళ్లుగా తిరుగుతున్నాయి. ఆ మాట నిజం కాదు. నెట్‌వర్క్ రీసెట్ మీటను అన్నిటికన్నా చివర వాడండి, ఎందుకంటే వైఫై పాస్‌వర్డులు, వీపీఎన్ అమరికలు దానితో చెరిగిపోతాయి.

ఫోన్ హాట్‌స్పాట్ మీద పని చేసేవారు ఫోన్‌ను ల్యాప్‌టాప్ పక్కన కాకుండా టవర్ వైపు కిటికీలోనో, మేడ మీదో పెట్టాలి. పక్కనే పెట్టుకోగలిగితే వైఫై కన్నా యూఎస్‌బీ తీగతో కలపడం నికరం. ఫోన్ ఛార్జింగ్ కూడా అవుతుంది.

ఫిర్యాదు

ఫోన్ చేసే ముందు ప్లాన్ డేటా హద్దు దాటిందేమో చూసుకోండి. దాటితే వేగం తగ్గించడం ప్లాన్‌లోని షరతే. కనీసం 2 ఎంబీపీఎస్ ఉంటేనే బ్రాడ్‌బ్యాండ్ అనాలని 2023 జనవరిలో టెలికాం శాఖ నిర్వచనం మార్చింది. అంతకు ముందు అది 512 కేబీపీఎస్.

"నెట్ స్లోగా ఉందండీ" అంటే ఎవరైనా "రౌటర్ ఆపి పెట్టండి సార్" అనే అంటారు. అలా కాక, ఫలానా తేదీల్లో, ఫలానా సమయాల్లో, కేబుల్ తగిలించి, వైఫై ఆపి కొలిస్తే ఇంత వచ్చింది, ఆర్‌ఎక్స్ పవర్ ఇంత ఉంది అని చెబితే సంభాషణ తీరు మారుతుంది. లైన్‌మన్ పవర్ మీటర్ వెంట తెచ్చుకుంటాడు. ఫిర్యాదు నమోదైనట్టు చూపే డాకెట్ నంబరు తప్పక తీసుకోండి. పరిష్కారం నచ్చకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి రుసుము లేకుండా అప్పీలు చేసుకోవచ్చు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ విడివిడి ఫిర్యాదులను తాను విచారించదు. అప్పీలులో డాకెట్ నంబరుతో పాటు మొదటి మెట్టులో రాసుకున్న కాగితం ఫొటోను కూడా జతచేయండి.